పోస్టులు తగ్గించండి, జవాబులు పెంచండి

(స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్ళ కోసం విజయవాడలో పెట్టిన ఒకరోజు శిక్షణలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. గుంటూరు నుంచి వచ్చినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి ఒకసారి. అబ్బో, సగం హాలు మీరే ఉన్నారుగా. సరే. ఇక్కడికి వచ్చే ముందు మీలో కొంతమంది సంస్థల ఫేస్‌బుక్ పేజీలు చూసుకుంటూ కూర్చున్నానండి నేను, పేర్లు చెప్పనులెండి, కంగారు పడకండి. ఏ పేజీ చూసినా వరసపెట్టి ఒకటే ఫోటో. వెనకాల ఫ్లెక్సీ, ముందు బల్ల, బల్ల వెనక ఆరేడుగురు పెద్దమనుషులు, మధ్యలో ఒకాయనకి శాలువా కప్పుతున్నారు, ఇంకొకాయన బొకే పట్టుకుని కెమెరా వంక చూస్తున్నాడు. కింద ఏం రాస్తాం? "స్థానిక కల్యాణ మండపంలో దుప్పట్ల పంపిణీ కార్యక్రమం ఘనంగా నిర్వహించడం జరిగింది" అని రాస్తాం, తర్వాత పది పేర్లు. దుప్పటి తీసుకున్న మనిషేమో ఫోటోలో ఓ మూల సగం తెగిపోయి ఉంటాడు. నవ్వుతున్నారంటే మీ పేజీలోనూ అంతేనన్నమాట.

దానికి లైకులు కొట్టేది ఎవరు? బల్ల వెనక కూర్చున్నవాళ్ళు, వాళ్ళ బామ్మర్దులు. తప్పని నేను అనను. దాత ఫోటో పెట్టకపోతే వచ్చే ఏడాది ఆయన ఇవ్వడు, ఆ బాధ మీకుంది, నాకు తెలుసు. పెట్టండి. కానీ అలాంటి ఒక ఫోటో కింద ఒకావిడ కామెంట్ చూశానండి. "మా బాబుకి మూడేళ్ళొచ్చినా మాటలు రావట్లేదు, మీ దగ్గర ఎవరన్నా చూస్తారా" అని అడిగింది. పెట్టి నెలలయింది. కింద ఏమీ లేదు. ఒక్క మాట లేదు. నలుగురూ చూసే చోట ఆ మాట రాయడానికి ఆవిడ ఎంత ఆలోచించుకుని ఉంటుందండీ? ఆ సంస్థ పిల్లల మీదే పనిచేస్తుంది, ఆవిడకి కావాల్సింది వాళ్ళ దగ్గరే ఉంది. ఆవిడ కామెంట్ పెట్టిన తర్వాత కూడా ఆ పేజీలో శాలువాలు కప్పుతూనే ఉన్నారు.

నేను చెప్పదల్చుకున్నదంతా ఇక్కడే ఉందండి. మనవాళ్ళు సోషల్ మీడియా అంటే పోస్టులు పెట్టడం అనుకుంటున్నారు, రోజుకొకటి పెట్టాలి, రీల్ చెయ్యాలి, ఫాలోవర్లు పెరగాలి అని ఒకటే ఆరాటం. బీసెంట్ రోడ్డులో షాపు తీసి, లైట్లన్నీ వేసి, కౌంటర్లో మనిషిని పెట్టకపోతే ఎట్లా ఉంటుంది? మన పేజీలు అట్లా ఉన్నాయి. వారానికి రెండే పోస్టులు పెట్టండి, నష్టమేం లేదు. వచ్చిన ప్రశ్నకి మాత్రం ఆ రోజే జవాబు పోవాలి. తెలియకపోతే "కనుక్కుని రేపు చెప్తామమ్మా" అన్నా సరే, పోవాలి.

మరి జవాబు ఎవరు చెప్తారు? ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు చెప్పలేడు, వాడికి వికలాంగుల సర్టిఫికెట్ కోసం పెట్టే సదరం క్యాంపు సంగతి తెలీదు, ఫలానా హాస్టల్లో సీటు ఉందో లేదో తెలీదు. తెలిసేది ఎవరికి? ఫీల్డులో తిరిగే అక్కలకి. కాబట్టి వాళ్ళని గ్రూపులో పెట్టండి, ప్రశ్న రాగానే ఈ కుర్రాడు అక్కడ వేస్తాడు, వాయిస్ మెసేజ్‌లో జవాబు వస్తుంది, వీడు టైపు చేసి పెడతాడు. ఇంతే. దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్ యాప్ ఫ్రీనే, అందులో మాటిమాటికీ వచ్చే ప్రశ్నలకి జవాబులు ముందే రాసి పెట్టుకోవచ్చు, రాత్రి పదకొండింటికి ఎవరన్నా మెసేజ్ పెడితే "పొద్దున్నే పదింటికి మాట్లాడతాం, అత్యవసరమైతే ఫలానా నెంబరు" అని దానంతటదే పోతుంది. ఇంకోటి, ఇన్‌బాక్సులో కొత్తవాళ్ళ మెసేజ్‌లు రిక్వెస్టులనీ స్పామ్ అనీ వేరే మూలకి పోతుంటాయి. అక్కడ కూడా చూస్తూ ఉండండి, నిజంగా సాయం కావాల్సినవాళ్ళు ఎప్పుడూ కొత్తవాళ్ళే కదా.

ఆ ప్రశ్నల్లోంచే పోస్టులు పుడతాయి, గమనించండి. సదరం స్లాట్ ఎక్కడ బుక్ చేసుకోవాలి అని పదిమంది అడిగారనుకోండి, అదే ఒక పోస్టు. ఆధార్ పట్టుకుని సచివాలయానికో మీసేవకో వెళ్ళండి, పాత ఆసుపత్రి కాయితాలుంటే తీసుకెళ్ళండి, మీ ఏరియాలో మా మనిషి ఫలానా, తోడు రమ్మంటే వస్తుంది. ఇది రాస్తే లైకులు పెద్దగా రావు. కానీ దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకుని పక్కింటావిడకి పంపిస్తారు, ఫోన్లో దాచుకుంటారు. నన్నడిగితే నెలాఖరున మీ సెక్రటరీ గారికి చూపించాల్సిన లెక్క ఇదీ, పేజీ చూసి ఎంతమంది ఫోన్ చేశారు, అందులో ఎంతమందికి పని అయింది. వ్యూస్ సంగతి తర్వాత.

బుడమేరు వాగు వరద సంగతి చెప్పకుండా విజయవాడలో ఈ మాటలు మాట్లాడలేం. 2024 సెప్టెంబర్ మొదట్లో, సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, అన్నీ నీళ్ళలో ఉన్నాయి, అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోతోంది. మీలో చాలామంది ఆ నీళ్ళలో దిగి పనిచేసినవాళ్ళే. అప్పుడు ఫోన్లలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. కరెంటు లేదు, మేడమీద ఉన్నవాళ్ళ ఫోన్లు ఆఫ్ అయిపోయాయి, వాళ్ళ తరఫున హైదరాబాద్‌లో కొడుకూ అమెరికాలో కూతురూ మెసేజ్‌లు పెడుతున్నారు. "మా అమ్మానాన్న సింగ్‌నగర్‌లో ఉన్నారు, దయచేసి కాపాడండి" అని. సింగ్‌నగర్‌లో ఎక్కడండీ? ఏ రోడ్డు, ఏ గుడి పక్క, ఎన్నో అంతస్తు, ఎంతమంది, మంచంలో ఉన్నవాళ్ళున్నారా, పసిపిల్లలున్నారా? అవేవీ ఉండవు, ఆదుర్దాలో రాసింది కదా, వాళ్ళని అనలేం. పడవ వెళ్ళి వాళ్ళని తీసుకొచ్చేశాక కూడా ఆ మెసేజ్ తిరుగుతూనే ఉంటుంది, మర్నాడు ఇంకో టీము అదే ఇంటికి పోతుంది. మెయిన్ రోడ్డు మీద భోజనం పొట్లాలు మిగిలిపోతుంటే లోపలి సందుల్లో మంచినీళ్ళు లేవు. దానికి తోడు కట్ట మళ్ళీ తెగిందట అని ఫార్వార్డులు, అవి చూసి జనం సామాన్లు సర్దుకుని పరుగులు.

అలాంటప్పుడు మన ఉద్యోగం ఏంటి? ఫోటోలు పెట్టడమా? ఒక మనిషిని ఫోన్లు, మెసేజ్‌లు చూడ్డానికే కూర్చోబెట్టాలి, ఇంకే పనీ చెప్పకూడదు. మెసేజ్ రాగానే ఆ నెంబరుకి ఫోన్ చెయ్యాలి, పైన చెప్పినవన్నీ అడిగి రాసుకోవాలి, పని అయిపోగానే అదే పోస్టులో పైన "చేరారు, ఇక పంపకండి" అని టైముతో సహా రాయాలి. తీసేస్తే సరిపోదా అని ఒకాయన అడిగారు ఇందాక టీ దగ్గర. సరిపోదండి. మన పేజీలో తీసేసినా ఇంకొకరి గ్రూపులో కాపీ ఉంటుంది, ఆ కాపీ చూసినవాడు నిజమా కాదా అని మన పేజీకే వస్తాడు. వచ్చినప్పుడు వాడికి అక్కడ జవాబు కనపడాలి.

రక్తం అడిగే మెసేజ్‌లు కూడా అంతే. "ఓ నెగటివ్ అర్జెంట్, గుంటూరు జీజీహెచ్" అని ఒకటి వస్తుంది. ఏ రోజుది అది? తేదీ ఉండదు. ఫోన్ చేస్తే అవతల ఆయన ఏడుపు గొంతుతో "అది ఎప్పుడో అయిపోయిందండీ, ఆవిడ పోయింది కూడా, ఇంకా ఫోన్లొస్తూనే ఉన్నాయి" అంటాడు. ఎంత నరకమండీ అది ఆ కుటుంబానికి. మీరు రక్తం కోసం పోస్టు పెడితే తేదీ, ఏ పూట లోపల కావాలి, ఎన్ని యూనిట్లు, ఆసుపత్రిలో ఏ బ్లడ్ బ్యాంకు, ఇవన్నీ ఉండాలి. ప్లేట్‌లెట్లయితే తీసిన తర్వాత నిలవ ఉండేది ఐదు రోజులే, కాబట్టి రేపటిదాకా అనే మాటకి చాలా విలువ ఉంది. పేషెంటు ఇంటివాళ్ళ నెంబరు పెట్టకండి, సంస్థ నెంబరు పెట్టండి, ఫోన్లు మనం ఎత్తుదాం. ఇచ్చేవాళ్ళని కూడా అడగాలి, మగవాళ్ళయితే పోయినసారి ఇచ్చి మూడు నెలలయిందా, ఆడవాళ్ళయితే నాలుగు నెలలయిందా అని. ఇది ముందే అడిగితే వాళ్ళు అంతదూరం వెళ్ళి వెనక్కి రాకుండా ఉంటారు.

వాట్సాప్ గురించి రెండు ముక్కలు, ఎందుకంటే మన జనం ఉండేది అక్కడే. బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టుకుంటారు, ఒక్కో దాంట్లో 256 మంది. కానీ వాళ్ళ ఫోన్లో మన నెంబరు సేవ్ అయ్యుంటేనే మెసేజ్ చేరుతుంది, ఈ సంగతి తెలియక మా మెసేజ్‌లు ఎవరూ పట్టించుకోవట్లేదని బాధపడుతుంటారు. కాబట్టి మీటింగుకి వచ్చినవాళ్ళతో అక్కడికక్కడే నెంబరు సేవ్ చేయించండి. ఫార్వార్డ్ చెయ్యండి చెయ్యండి అని రాస్తుంటాం, బాగా ఫార్వార్డ్ అయిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చోటికే పంపగలిగేలా 2020 ఏప్రిల్‌లోనే కట్టడి పెట్టారు, రెండు బాణాల గుర్తు పడుతుంది చూడండి, అది చూస్తే జనం నమ్మరు కూడా. అందుకని ఫార్వార్డ్ అడిగే బదులు స్టేటస్‌లో పెట్టమని అడగండి. మన ఆశా వర్కరు స్టేటస్ చూసేవాళ్ళంతా ఆవిడని ఎరిగినవాళ్ళే, ఆవిడ పెట్టిందంటే నిజమే అయ్యుంటుందని అనుకుంటారు.

ఇంకా ఒక చిన్న విషయం, చిన్నదే గానీ నాకు దీని మీద కోపం ఉంది. సమాచారమంతా పోస్టరులో రాసి, ఆ బొమ్మ ఒక్కటే పెడతారు. ఫోన్ నెంబరు కూడా బొమ్మలోనే. అది నొక్కితే ఫోన్ కలవదు, వెతికితే దొరకదు. చూపు లేనివాళ్ళు ఫోన్లో ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని వింటారండి, ఆ పోస్టు మీదికి రాగానే వాళ్ళకి చాలాసార్లు "ఫోటో" అని ఒక్క మాటే వినపడుతుంది. వికలాంగుల సంస్థ పేజీలో కూడా ఇదే చూశాను. బొమ్మ పెట్టుకోండి, దాని కింద మొత్తం మళ్ళీ టైపు చెయ్యండి. వీడియో అయితే తెలుగులో అక్షరాలు వెయ్యండి, బస్సులో కూర్చుని సౌండు లేకుండా చూసేవాళ్ళు ఎంతమందో.

ఇప్పుడు ఫోటోల సంగతి. ఇది కాస్త నిదానంగా వినండి. పిల్లల హోముల వాళ్ళు ఎవరన్నా ఉన్నారా? ఉన్నారు. బాల న్యాయ చట్టం 2015లో 74వ సెక్షన్ ఉంది, రక్షణ అవసరమైన పిల్లల్ని గుర్తుపట్టేలా పేరు గానీ ఫోటో గానీ స్కూలు గానీ బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. మొహం మసకగా చేశాం కదండీ అంటారు. మొహం మసక చేసి యూనిఫాం మీద బ్యాడ్జి వదిలేస్తే? వెనక వీధి బోర్డు కనపడితే? ఆ వీధిలోవాళ్ళకి అక్కడ ఎవరున్నారో తెలీదా? పోక్సో కేసుల్లో, అంటే లైంగిక వేధింపుల కేసుల్లో పిల్లలయితే ఇంకా గట్టిగా ఉంటుంది చట్టం. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ సంగతి బయటపెట్టకూడదని 2017లో వేరే చట్టమే వచ్చింది.

సరే, చట్టం పక్కన పెట్టండి. పెద్దవాళ్ళు, చట్టం అడ్డురాని ఫోటో. అడిగి తీసుకున్నామండీ అంటారు. ఎప్పుడు అడిగారు? ఆవిడ చేతిలో బియ్యం బస్తా పెట్టాక, దాత పక్కన నిలబడ్డాక, కెమెరా పైకెత్తి "ఫోటో తీసుకోవచ్చామ్మా" అంటే ఎవరు వద్దంటారండీ? వద్దంటే బస్తా వెనక్కి తీసుకుంటారేమో అని ఆవిడకి లోపల భయం ఉంటుంది. ఇంటికి బస్తా చేరిపోయాక, దాత వెళ్ళిపోయాక, ఇంకో రోజు మన అక్క ఒక్కతే వెళ్ళి అడగాలి. ఈ ఫోటో ఎక్కడ పెడతామో ఫోన్లో చూపించి, మీ అల్లుడు వాళ్ళూ చూస్తారమ్మా పర్వాలేదా అని అడగాలి. అప్పుడు సరే అంటే అది సరే. చాలామంది వద్దంటారు, అననివ్వండి. చేతుల ఫోటో తీయండి, సామాన్ల ఫోటో తీయండి, మన వాలంటీర్లు లారీ దింపుతుంటే తీయండి. ఈ మధ్య ఏఐతో ఏడుస్తున్న పిల్లాడి బొమ్మలు చేసి విరాళాల పోస్టులకి పెడుతున్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి. ఒక్కడు పట్టుకున్నాడంటే మీరు పెట్టిన నిజమైన ఫోటోలు కూడా ఎవరూ నమ్మరు.

డబ్బుల దగ్గరికి వద్దాం. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు రామారావు గారు, నాగేశ్వరరావు గారు జోలె పట్టుకుని ఊళ్ళు తిరిగారు, మీ ఇళ్ళలో పెద్దవాళ్ళని అడగండి, కళ్ళారా చూసినవాళ్ళు ఉంటారు. జోలెలో రూపాయి వేసినవాడికి ఎదురుగా మనిషి కనపడ్డాడు. ఇప్పుడు క్యూఆర్ కోడ్ పెడతాం, దాని వెనక ఎవరున్నారో చూసేవాడికి ఏం తెలుసు? స్కాన్ చేస్తే సంస్థ పేరే రావాలి, సెక్రటరీ గారి సొంత ఖాతా పేరు వచ్చిందంటే ఆ పోస్టు పెట్టకండి. మీ కోడ్ బదులు వేరే కోడ్ అతికించి మీ పోస్టునే తిప్పే దొంగలు కూడా ఉన్నారు, కాబట్టి స్కాన్ చేసినప్పుడు ఈ పేరు వస్తేనే పంపండి అని రాయండి. 80జి, అంటే దాతకి ఆదాయపు పన్నులో మినహాయింపు, ఉన్నవాళ్ళు ఆ సంగతి రాస్తారు, మంచిదే, కానీ 2 వేలు దాటి క్యాష్‌గా ఇస్తే ఆ మినహాయింపు రాదని కూడా రాయండి, తర్వాత మార్చిలో దాత మన మీద అరవడు.

విదేశాల డబ్బు. మన కృష్ణా గుంటూరు జిల్లాల్లో వీధికి ఇద్దరు అమెరికాలో ఉంటారు కదా, అందుకని "ప్రపంచంలో ఎక్కడినుంచైనా పంపవచ్చు" అని పోస్టు పెట్టేస్తారు. ఆగండి. ఇండియా పాస్‌పోర్టు ఉన్న మనవాడు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. వాళ్ళ అన్నయ్యకి అమెరికా పౌరసత్వం వచ్చేసింది, మన సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉంది, ఆయనా మన తెనాలి అబ్బాయే, కానీ ఆయన పంపితే అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం, అదే ఎఫ్‌సీఆర్ఏ, కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉంటేనే తీసుకోవాలి, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో అందుకోసం తెరిచిన ఖాతాకే రావాలి, 2020 సవరణ నుంచి అంతే. ఒకే ఇంట్లో అన్నదమ్ములకి రెండు రూల్స్. కాబట్టి పోస్టులో ఒక లైను చేర్చండి, విదేశీ పౌరసత్వం ఉన్నవాళ్ళు పంపే ముందు మాకు ఫోన్ చెయ్యండి అని.

వసూలు అయ్యాక లెక్క పెట్టండి. ఎంత వచ్చింది, దేనికి పోయింది, ఎంత మిగిలింది, మిగిలింది ఏం చేస్తాం. అడిగేటప్పుడు నాలుగుసార్లు అడుగుతాం, చెప్పేటప్పుడు ఒక్కసారి కూడా చెప్పం. "అంతా తినేస్తున్నారు" అని ఎవడో కామెంట్ పెడతాడు, వెంటనే దాన్ని డిలీట్ చేసేస్తాం. డిలీట్ చేస్తే నిజమనే కదా అనుకుంటారు? ఉంచండి, కింద లెక్క పెట్టండి, "ఆఫీసుకి వస్తే బిల్లులు చూపిస్తాం" అని ఒక్కసారి రాయండి. రెండోసారి గొడవకి దిగొద్దు. బూతులయితే తీసెయ్యండి, అది వేరే విషయం.

పార్టీల గురించి కూడా చెప్పాలి, నవ్వకండి. విజయవాడ, గుంటూరుల్లో ఒక్క నాయకుడితో ఫోటో పెడితే సగం ఊరు మనల్ని ఆ పార్టీ అనుకుంటుంది. పనుల కోసం వాళ్ళ దగ్గరికి వెళ్ళక తప్పదు, వెళ్ళండి, వినతిపత్రం ఇవ్వండి. దాని గురించి రాసేటప్పుడు ఏం అడిగామో, ఆయన ఏం చెప్పారో రాయండి. "పేదల పెన్నిధి" అని మాత్రం రాయకండి. మీ సొంత ప్రొఫైల్లో మీ ఇష్టం, ఓటు మీది. కానీ ఫోన్ ఒకటే కదా, సంస్థ పేజీలో ఉన్నానో సొంత అకౌంట్లో ఉన్నానో ఒకసారి పైన పేరు చూసుకుని అప్పుడు పోస్టు నొక్కండి.

ఇక చివరిది, మీలో చాలామందికి ఇవాళే ఉపయోగపడేది. పేజీ ఎవరు తెరిచారు? ఎప్పుడో వచ్చిన ఇంటర్న్. ఓటీపీ ఎవరి ఫోన్‌కి పోతుంది? మానేసి బెంగళూరు వెళ్ళిపోయినాయనకి. ఆయన సిమ్ మార్చేశాడు. ఇంకేముంది, పేజీ అక్కడే ఆగిపోయింది, కొత్త పేజీ తెరుస్తారు, జనం పాతదానికే మెసేజ్‌లు పెడుతుంటారు. 2020 జూన్ నెలాఖరున టిక్‌టాక్ ఆపేశారు, ఒక్క రాత్రిలో పోయింది, దాంట్లోనే అంతా కట్టుకున్నవాళ్ళకి చేతిలో ఏమీ మిగల్లేదు. అందుకని మీ దాతల నెంబర్లు, వాలంటీర్ల నెంబర్లు సంస్థ దగ్గర, వాళ్ళకి చెప్పి, ఒక పుస్తకంలోనో షీటులోనో వేరే ఉండాలి, ఫేస్‌బుక్‌నీ ఇన్‌స్టాగ్రామ్‌నీ నమ్ముకుని కాదు.

ఫోన్లు తియ్యండి అందరూ. పేజీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి పేజీ యాక్సెస్ ఎవరెవరికి ఉందో చూడండి. మానేసినవాళ్ళ పేర్లుంటే తీసెయ్యండి, ఆ తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చెయ్యండి, నెంబరు సంస్థ సిమ్‌దే ఇవ్వండి. అసలు సెట్టింగ్స్ కనపడట్లేదా అమ్మా? అంటే మీకు అడ్మిన్ లేదు, ఎవరికుందో ముందు కనుక్కోవాలి. ఎవరి పేజీకి ఒక్క అడ్మినే ఉన్నారో వాళ్ళంతా కిటికీ వైపు వరసల్లోకి వచ్చి కూర్చోండి, భోజనానికి లేచేలోపు మీ ఆఫీసుకి ఫోన్ చేసి రెండో మనిషిని కలిపేద్దాం.